గాలి లేని రోజు ఊగిన చెట్టు

జూన్ నెల మూడో గురువారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. అప్పుడే నా ఫోను మోగింది కాబట్టి టైము సరిగ్గా చెప్పగలను.

రాజోలు నుంచి మామిడికుదురు వెళ్ళే వైపు, కాలవ గట్టును ఆనుకుని ఉన్న తోటలో మా ముఠా దింపు తీస్తోంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, దింపంటే కొబ్బరి చెట్టెక్కి కాయ కోసి దించడం. అన్నాలు తిని నీడన నడుం వాల్చాం. తొలకరి ఇంకా పడలేదు. ఒక్క ఆకు కదలడం లేదు. దూరాన గ్యాసు బావి దగ్గర మండే మంటను చూసి మేం గాలి ఎటుందో చెప్పుకుంటాం. ఆ మంట కూడా ఎటూ వాలకుండా నిలువుగా నిలబడి ఉంది.

ఫోనులో మా మరదలు. మా చిన్నాన్న కొడుకు భార్య.

"బావగారూ, మీ తమ్ముడు అటుగానీ వచ్చేరాండీ? సైకిలు లేదు. రెండు గంటల మాత్ర ఏసుకోలేదు. మాత్రలు ఇక్కడే ఉన్నాయండీ."

"వచ్చేడమ్మా. ఇక్కడే ఉన్నాడు" అంటూ తల తిప్పాను. కాలవ పక్క చెట్టుకు సైకిలు ఆనించి ఉంది. మనిషి లేడు.

అప్పుడు తలెత్తాను. తోటంతా బొమ్మ గీసినట్టు నిలబడి ఉంది. ఆ ఒక్క చెట్టు మట్టలు మాత్రం వణుకుతున్నాయి. గాలికి ఊగే ఊపు కాదది. చలిజ్వరం వచ్చినవాడి దుప్పటిలా, సన్నగా, ఆగకుండా.

ఏమైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నాకు అక్షరాలు యాభై దాటాక, చర్చిలో సాయంత్రం బడిలో వచ్చాయి. తిప్పి తిప్పి రాయడం అక్కడ నేర్పలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇప్పుడు దింపులోకి వస్తున్న కుర్రాళ్ళు చదివితే చాలు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. పైవాడు గెల నరికే ముందు "తలా!" అని కేకేస్తాడు. కింద ఉన్నవాళ్ళు తప్పుకుని "ఆయ్!" అంటారు. ఆ "ఆయ్" చెవిన పడేదాకా పైవాడు గెల వదలడు. ఎంతసేపైనా సరే పట్టుకునే ఉండాలి. మా చిన్నాన్న నాకూ, తన కొడుక్కీ చెట్టెక్కడం నేర్పేటప్పుడు ముందు నేర్పింది ఇదే. "జవాబు కింద నించి రావాల్రా. నీలో నువ్వు అనేసుకుంటే చెల్లదు" అనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చెట్టు మీంచి పడి కాదు, మంచంలోనే పోయాడు. ఈ పనిలో ఉన్నవాడికి అది గౌరవమే.

ఆయన కొడుకు, నేను తమ్ముడనేవాణ్ణి, మా ముఠాలో అందరికంటే నేర్పు ఉన్నవాడు. అతను ఎక్కుతుంటే చెట్టే కిందికి దిగుతోందా అనిపించేది. అలాంటివాడి గొంతు సన్నబడటం మొదలైంది. ముందు మేం పట్టించుకోలేదు. ఒకరోజు పిలుపు లేకుండా గెల పడింది. రాలిన కాయలు ఏరి రాశి పోసే మామ్మగారి పక్కనే పడింది. ఆవిడ అక్కడే కూలబడిపోయింది.

"పిలవకుండా వదిలేవేంట్రా, నీ చేతులు పడిపోనూ!" అని నేను అరిచాను.

అతను దిగి వచ్చాక నెమ్మదిగా అన్నాడు: "పిలిచేనన్నయ్యా. మామ్మగారు ఆయ్ అన్నారు. ఇన్నాను."

"నేనెప్పుడన్నాన్రా? నా నోట్లో ఆకూ వక్కా ఉన్నాయి!" అంది మామ్మగారు.

అతని మొహం చూశాను. భయం లేదు, సిగ్గు లేదు, కోపం లేదు. రెప్ప కూడా వేయడం లేదు. మట్టితో చేసి ఆరబెట్టిన మొహంలా ఉంది. ముఠాకు మేస్త్రీని నేనే కాబట్టి, ఆ రోజే అతన్ని చెట్టెక్కొద్దన్నాను. అందులో నాకు ఇప్పటికీ రెండో ఆలోచన లేదు. కింద మనుషులున్నారు.

తర్వాత చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. "ఏరా, లోపలికి రమ్మనవా?" అన్నాను. నన్నే చూస్తున్నాడు. తప్పుకోలేదు, పిలవలేదు. కుడిచేయి వేలాడుతోంది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానిమీద ఒకటి దొర్లుతున్నాయి, బీడీ చుడుతున్నట్టు. అతను జన్మలో బీడీ తాగలేదు. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆ లేని బీడీ చుట్టుకుంటూనే ఉన్నాడు. మరదలు లోపల్నుంచి తెచ్చిన టీ అతని మీదుగా నాకు అందించింది. నేను బయటే నిలబడి తాగాను.

అతని భుజం మీంచి లోపలికి చూశాను. మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా గచ్చు మీద సుద్దతో అడ్డంగా తెల్లటి గీతలు. ఒకదాని తర్వాత ఒకటి, నిచ్చెన మెట్లలాగా. మా ఇళ్ళల్లో ముగ్గులు వేయరు. శుక్రవారం ప్రార్థన జరిగే ఇల్లది. అడగబుద్ధి కాలేదు.

తోటకొచ్చి ఈ మాట అంటే మామ్మగారు వెంటనే తేల్చేసింది. "ఇంకేవుందబ్బాయ్! ఎవరో ఏదో చేయించేరు. ఆ గీతలు దాటి రాకుండా కట్టు కట్టించింది ఆ పిల్ల."

"మీరూరుకోండి మామ్మగారూ" అన్నాడు అతని బావమరిది. మరదలి తమ్ముడే, మా ముఠాలోనే ఎక్కుతాడు. నోరు పెద్దది. "మా బావకి రోగం లేదు, పాడూ లేదు. బద్దకం. మొన్న సైకిలు మీద రాజోలు దాకా ఎళ్ళొచ్చేడు, నేను చూసేను. సైకిలు తొక్కే కాళ్ళకి గుమ్మం దాటడం రాదంటే ఎవడు నమ్ముతాడండీ?"

నేను మాత్రం ప్రార్థన పెట్టించాలన్నాను. అలా ముగ్గురం మూడు రకాలుగా తేల్చేశాం. మరదలు అమలాపురం తీసుకెళ్ళిందనీ, డాక్టరమ్మ దాన్ని పార్కిన్సన్ అందనీ, మాత్రలు గంట ప్రకారం వేయాలందనీ మాకు తెలుసు. తెలుసుగానీ, చెట్టెక్కే మనిషికి ఆ పేరు అతుకుతుందని ఎవరికీ అనిపించలేదు.

ఇక ఆ గురువారం. పొద్దుటి మాత్ర బాగా పనిచేసినట్టుంది, మరదలు సంతకెళ్ళిన సమయం చూసి అతను సైకిలెక్కాడు. గట్టు మీద వస్తుంటే మేమందరం తినడం ఆపి చూశాం. నిటారుగా కూర్చుని, తల తిప్పకుండా, రెప్ప వేయకుండా, గీత గీసినట్టు వచ్చాడు. ఆ చెట్టు పక్కకొచ్చి సైకిలు ఆపి, ఒక చేత్తో మాను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. దిగడు, పోడు. హ్యాండిలుకు అతని కాళ్ళ తాడు, చెట్టెక్కేటప్పుడు పాదాలకు వేసుకునేది, వేలాడుతోంది.

"బావా! దిగడానికి బొట్టెట్టి పిలవాలా?" అన్నాడు బావమరిది.

అతను మాను వదల్లేదు.

"అన్నం తింటావేంట్రా తమ్ముడూ?" అని నేనడిగాను. పెదాలు కదిలాయి. వినపడలేదు. వస్తే వస్తాడులే అని మా అన్నాలు మేం తిన్నాం. కునుకు పట్టింది. ఫోను మోగింది. ఇంతవరకూ ఇంతకుముందే చెప్పాను.

చెట్టు కిందికి పరిగెత్తాను. మాను మీద అరచెయ్యి వేస్తే లోపల ఏదో జీవి ఉన్నట్టు అదురుతోంది. పైన మొవ్వు దగ్గర, మట్టలు మొలిచే చోట, అతను మట్టల మధ్య ఇరుక్కుని ఉన్నాడు. కుడిచేత్తో మట్ట మొదలు పట్టుకున్నాడు. ఎడమచేత్తో ఇంకేదో పట్టుకున్నాడు, కింద నుంచి తెలియడం లేదు. తల వంచి మా వైపే చూస్తున్నాడు. ఆ ఎత్తు నుంచి కూడా తెలుస్తోంది, రెప్ప వేయడం లేదు.

"తమ్ముడూ! దిగరా! నెమ్మదిగా దిగు!"

కదలలేదు. మట్టలు మాత్రం గలగలమంటున్నాయి.

మామ్మగారు కొంగు నోట్లో కుక్కుకుంది. "అది వాడు కాదబ్బాయ్. వాణ్ణి పైకెవరో తీసుకెళ్ళేరు. నడవలేనివాడు ఎలా ఎక్కుతాడు?"

"నడవలేనివాడు కాదండీ, నడవనివాడు" అన్నాడు బావమరిది. అన్నాడేగానీ గొంతులో వెటకారం లేదు. అతనూ మట్టలకేసే చూస్తున్నాడు.

తోట ఆసామి, రిటైరైన మాస్టారు, ఇంట్లోంచి కండువా లేకుండానే వచ్చాడు. "ఫైరింజనుకి ఫోను చెయ్యనా మేస్త్రీ?"

"గట్టు మీద బండి పట్టదండీ, ఆయ్. గడ్డి పరిపించండి."

ఆయన ఇంకో మాట అనకుండా గడ్డిమేటు దగ్గరకు పరిగెత్తి మోపు తనే భుజానికెత్తుకున్నాడు. ఆ ఎత్తు నుంచి పడితే గడ్డి ఏమీ ఆపదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. చేతులకు ఏదో పని ఉండాలి.

నా మోకాళ్ళు అప్పటికే చెట్టుకు పనికిరావు. నేను బావమరిది వైపు చూశాను. అతను చెప్పించుకోలేదు. కాళ్ళకు తాడు వేసుకున్నాడు, భుజానికి మోకు వేసుకున్నాడు. మాను మీద చెయ్యి వేయగానే ఆ అదురు అతనికీ తగిలింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ వేశాడు.

సగం పైగా ఎక్కి ఆగిపోయాడు. తల పైకెత్తి చెవి ఒగ్గాడు. తర్వాత కిందికి చూసి అరిచాడు. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

"మేస్త్రిగారూ! తలా అంటున్నాడండీ! తలా, తలా అంటూనే ఉన్నాడు!"

ఒక క్షణం నాకేమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అతని ఎడమచేతిలో ఉన్నది కోసిన గెల. కాడ నరికాడు, మిగిలిన పీచు మీద గెలను ఒంటిచేత్తో ఆపి పట్టుకున్నాడు. మమ్మల్ని పిలిచాడు. గొంతు మా దాకా రాలేదు. మేం గుర్రు పెట్టి నిద్రపోతున్నాం. జవాబు లేదు కాబట్టి వదల్లేదు. మాత్ర బలం దిగిపోయింది, ఒళ్ళు బిగుసుకుపోయింది, చెట్టంతా వణుకుతోంది. అతను మాత్రం ఇంకా పిలుస్తూనే ఉన్నాడు.

"అందరూ తప్పుకోండి!" అన్నాను. బావమరిది మానుకు అవతలి వైపు తిరిగి అతుక్కున్నాడు. మామ్మగారు పక్కకు జరిగింది. నేను గుండెల నిండా గాలి తీసుకుని అరిచాను.

"ఆయ్!"

గెల పడింది. గడ్డిలో సగం దిగబడింది. పైన ఆ ఎడమచెయ్యి ఖాళీ అయింది, నెమ్మదిగా వచ్చి మానును పట్టుకుంది.

అప్పటికి మరదలు ఆటోలో వచ్చి గట్టు దగ్గర దిగింది. ఏడవలేదు. మాత్రల అట్ట చేతిలో పెట్టుకుని నేరుగా చెట్టు కిందికొచ్చి పైకి చూసింది. "పైకి అందించండి బావగారూ. మాత్ర పడితే గానీ ఒళ్ళు ఒదలదు. మాత్ర ఏసేక కూడా కొంచెంసేపు పడుతుందండి." తాడుకు కట్టి అందించాం. బావమరిది ముందు మోకుతో అతన్ని మానుకు చుట్టి కట్టాడు. తర్వాత పక్క గెలలో లేత బొండం కొట్టి, ఆ నీళ్ళతో మాత్ర మింగించాడు. నీళ్ళు సగం గడ్డం మీదుగా కారి మా మీద పడ్డాయి. "మింగు బావా. మింగు. నేనున్నాను కదా" అంటున్నాడు. అంత నెమ్మదిగా అతను మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

తర్వాత ఎదురుచూడటమే. ముగ్గురం మెడలెత్తి మట్టలనే చూశాం. మాస్టారు గడ్డి సర్దిందే సర్దుతున్నాడు. ఎంతసేపటికో చివరి ఆకులు గలగలలాడటం మానేశాయి. తర్వాత పెద్ద మట్టలు. చెట్టు మిగతా చెట్లలాగా అయింది. నిజం చెప్పాలంటే, వణికినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

"ఇప్పుడు దిగొచ్చండి. కానీ మొదలుపెట్టలేరు. ఎవరైనా బయటనించి మాట అందించాలి" అంది మరదలు. "ఇంట్లో నేను ఒకటి రెండు అని లెక్కెడతాను. ఇక్కడ ఏవనాలో మీకే తెలియాలి."

నాకు ఒకటే మాట తెలుసు.

"ఆయ్!" అన్నాను. ఒక కాలు కిందికి జరిగింది.

"ఆయ్!" రెండో కాలు.

నా గొంతు జీరపోతే మామ్మగారు అందుకుంది. ఆవిడ ఆగితే మాస్టారు. ఆయన తన పొలంలో ఎప్పుడూ "ఆయ్" అని జవాబు విన్నవాడేగానీ అన్నవాడు కాదు. ఆ రోజు కండువా లేకుండా, ఒళ్ళంతా గడ్డితో, మాతో కలిసి "ఆయ్, ఆయ్" అన్నాడు. మధ్యలో మామ్మగారికి దగ్గొచ్చి తాళం తప్పింది. పైన కాలు గాలిలోనే ఆగింది. మళ్ళీ అందుకున్నాక దిగింది. బావమరిది మోకు వదులు చేసి, కింద భుజం పెట్టి అతనితో పాటే జారుతూ వచ్చాడు.

పాదం నేలకు తగిలింది. మేమందరం ఊపిరి వదిలాం. అక్కడ మళ్ళీ ఆగిపోయాడు.

అంత ఎత్తు నుంచి దిగినవాడు చదునైన నేల మీద ఒక్క అడుగు వేయలేకపోయాడు. మడమలు లేస్తున్నాయి, పాదాలు మాత్రం బంకలో పడ్డట్టు ఉన్నచోటే అల్లాడుతున్నాయి. ఒళ్ళు ముందుకు వాలిపోతోంది. "నడు బావా, ఇంక నేలేగా!" అన్నాడు బావమరిది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లాగద్దురా. లాగితే పడిపోతారు" అంది మరదలు. "గీతలు కావాలి. అడ్డంగా గీతలు ఉంటే దాటతారు. డాక్టరమ్మగారు చెప్పేరు. ఇంట్లో సుద్దతో గీసేను, మీరు చూసే ఉంటారు బావగారూ."

చూశాను. చూసి తోటలో చేతబడి కథ మొదలెట్టింది నేనే.

ఇసుకలో గీత నిలబడదు. కానీ తోటంతా రాలిన మట్టలున్నాయి. బావమరిది ఒక మట్ట తెచ్చి బావ కాళ్ళ ముందు అడ్డంగా పడేశాడు. తమ్ముడు దాన్ని చూశాడు. కాలు లేచింది. కొంగ కాలెత్తినట్టు ఎత్తి, దాటి, అవతల పెట్టాడు. ఇంకో మట్ట వేశాం. దాటాడు. తలా ఒక మట్ట తెచ్చి వేశాం. దాటినవాటిని బావమరిది వెనక నుంచి లాక్కొచ్చి మళ్ళీ ముందు వేస్తున్నాడు. అలా తోట దాటించి, గట్టెక్కించి, ఆటో దాకా నడిపించాం. ఆ మొహంలో మాత్రం ఏమీ లేదు, ఎవరో కీ ఇచ్చినట్టు నడిచాడు.

తర్వాత వారం వాళ్ళతో పాటు నేనూ అమలాపురం వెళ్ళాను. డాక్టరమ్మ ముందు మమ్మల్ని తిట్టవలసినంత తిట్టింది. తర్వాత అర్థమయ్యేట్టు చెప్పింది. కండలో బలం పోలేదట. నడకా, రెప్పపాటూ, గొంతూ మనం తలచుకోకుండానే నడిపించే చోటొకటి మెదడులో ఉందట. అక్కడ ఊరవలసిన సరుకు తగ్గిపోయిందట. అందుకే చదునైన నేల మీద అడుగు మొదలుకాదు. ఎదురుగా ఒక గీతో, చెవిలో ఒక తాళమో, చేతికి ఒక పట్టో దొరికితే కదలిక వేరే దారిన వస్తుందట. అందుకే సైకిలు, అందుకే చెట్టు. "ఎక్కగలరు కాబట్టి ఎక్కొచ్చని కాదు. మాత్ర దిగిపోతే ఎక్కడున్నవాళ్ళు అక్కడే" అంది. కాళ్ళ తాడు నాకిచ్చేయమంది. తమ్ముడు ఇచ్చేశాడు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు అడిగాను: "ఎందుకెక్కేవురా?"

నా వైపు తిరగకుండానే అన్నాడు. "నేల మీద కాళ్ళు ఎక్కడికని అడుగుతాయన్నయ్యా. చెట్టు దగ్గర అడగవు."

ఇంకాసేపు వేళ్ళు దొర్లించుకుంటూ కూర్చుని, తనంతట తనే అన్నాడు. "పైన నాన్న ఉన్నాడు."

"ఎవరూ?"

"నాన్న. నా వెనకాల. నేను తలా అన్నప్పుడల్లా చెవిలో ఆయ్ అన్నాడు. వదిలెయ్, వదిలెయ్, రెండు చేతులూ వదిలెయ్ అన్నాడు."

నేను అడిగాను: "మరెందుకు వదల్లేదురా?"

"జవాబు కింద నించి రాలేదుగా" అన్నాడు.

నేను మళ్ళీ లోపలికి వెళ్ళి డాక్టరమ్మకు చెప్పాను. ఈ జబ్బులో అలా ఉంటుందట. పక్కనో వెనకో ఎవరో నిలబడ్డట్టు తోస్తుంది, కొందరికి మాట కూడా వినపడుతుంది, మాత్రల వల్ల కూడా కావచ్చు, మోతాదు మారుస్తానంది. మార్చింది. తగ్గింది. ఆవిడ మాట మీద నాకు నమ్మకమే. అయినా ఆ చెట్టు వంతు వచ్చినప్పుడు మా ముఠాలో ఎవరూ ఒంటరిగా ఎక్కలేదు, నేను పని మానేసేదాకా.

కుర్రాళ్ళూ, మీరిప్పుడు మిషన్లతో ఎక్కుతున్నారు. ఎక్కండి. కిందివాడు జవాబు చెప్పే కట్టుబాటు మాత్రం మానకండి. పైనించి కేక రాకపోతే, వేయలేదని అనుకోకండి, మీకు వినపడలేదేమో చూడండి.

ఆ రోజు ఆ చెట్టు దగ్గర ఉన్నవాళ్ళు: నేను. నా చిన్నాన్న కొడుకు. అతని భార్య. ఆమె తమ్ముడు. రాశి పోసే మామ్మగారు. తోట ఆసామి మాస్టారు. తమ్ముడు చెప్పినదాన్నిబట్టి, మా చిన్నాన్న కూడా.